పఠనానికి చుట్టం, చదవడానికి పరాయి: క్రొయేషియన్ క్రియానామం

క్రొయేషియాలో వీడ్కోలు చెప్పేటప్పుడు వినిపించే మర్యాదమాట ‘దొవిజేన్యా’. దీన్ని విడదీస్తే ‘దొ’ అంటే ‘వరకు’. ‘విజేన్యా’ అంటే ‘చూడడం’ అనే నామవాచకానికి షష్ఠీ విభక్తి రూపం. మళ్ళీ చూసుకునే వరకు సెలవు అన్నది దాని భావం. మనం వినాయక చవితి పూజ ముగించి ఉద్వాసన చెప్పేటప్పుడు ‘పునరాగమనాయ చ’ అంటాం. అక్కడ ‘ఆగమనం’ ఎలా క్రియ నుంచి పుట్టి విభక్తిని తగిలించుకున్న నామవాచకమో, ఇక్కడ ‘విజేన్యె’ కూడా అలాగే ‘విద్యెతి’, అంటే చూచుట, అనే క్రియ నుంచి పుట్టి విభక్తిని తగిలించుకుంది. ఆ ‘విద్యెతి’లోని ధాతువూ సంస్కృతంలోని ‘విద్’ ధాతువూ ఒకే మూలానికి చెందినవి కావడం ఇంకొక చుట్టరికం.

క్రియ నుంచి పుట్టిన ఇలాంటి నామవాచకాన్ని మన వ్యాకరణాలు క్రియాజన్య విశేష్యం అంటాయి, క్రొయేషియన్లు ‘గ్లగొల్స్కా ఇమెనిత్సా’ అంటారు. ఈ వ్యాసంలో దాన్ని క్లుప్తంగా క్రియానామం అని పిలుస్తాను. దీన్ని తయారు చేసే పద్ధతి ఒక పూటలో నేర్చుకోదగినదే. వాక్యంలో పెట్టేటప్పుడే తెలుగువారికి చిక్కు వస్తుంది, ఎందుకంటే ‘చదవడం’ అనే మన మాటను మనసులో పెట్టుకుని క్రొయేషియన్ ‘చితాన్యె’ను వాడబోతే ప్రతి అడుగులోనూ తప్పు దొర్లుతుంది. ‘పఠనం’ అనే మాటను మనసులో పెట్టుకుంటే చాలా తప్పులు పుట్టకుండానే పోతాయి. ఆ మాట ఎందుకంటున్నానో వివరించడమే ఈ వ్యాసం పని.

ముందుగా లిపి గురించి ఒక్క మాట. క్రొయేషియన్‌లో గట్టి చకారం, మెత్తని చకారం అని రెండున్నాయి, జకారానికీ ఇలాంటి ఛాయలున్నాయి. తెలుగులో వాటిని వేరు చేసే వీలు లేదు కనుక ఒకే అక్షరంతో రాస్తున్నాను. దీనికి బదులుగా ఇంకొక చోట మన లిపి అక్కరకు వస్తుంది. అచ్చు తోడు లేకుండా తానే అచ్చుగా పలికే రేఫ క్రొయేషియన్‌లో తరచుగా కనిపిస్తుంది. దానికి మన ఋత్వం సరిగ్గా సరిపోతుంది. ‘తృచాతి’ అంటే పరుగెత్తుట, ‘బృజొ’ అంటే వేగంగా. తమ భాషను వారు పిలుచుకునే పేరు కూడా ‘హృవాత్స్కి’.

ఇక తయారీ. క్రొయేషియన్ క్రియానామం నేరుగా ధాతువు నుంచి రాదు, కర్మణి విశేషణం నుంచి వస్తుంది. ‘చితాతి’ అంటే చదువుట, ‘చితాన్’ అంటే చదవబడిన, దానికి ‘యె’ చేరితే ‘చితాన్యె’. ‘పిసాతి’ నుంచి ‘పిసాన్యె’ (రాయడం), ‘ప్లివాతి’ నుంచి ‘ప్లివాన్యె’ (ఈదడం), ‘పుతొవాతి’ నుంచి ‘పుతొవాన్యె’ (ప్రయాణం) వస్తాయి. ‘ఆతి’తో ముగిసే క్రియలన్నీ ఇంత సులువుగానే లొంగుతాయి. నిద్రపోవుట అనే ‘స్పవాతి’కి కర్మ లేదు, ‘నిద్రపోబడిన’ అనే విశేషణం ఆ భాషలోనూ లేదు, అయినా మూస అదే కాబట్టి ‘స్పవాన్యె’ అనే మాట మాత్రం ఉంది.

‘ఇతి’తో ముగిసే క్రియల దగ్గర కాస్త నిలవాలి. వీటి విశేషణం ‘ఎన్’తో ముగుస్తుంది, ఆ ‘ఎన్’ ముందున్న హల్లు తరచుగా మెత్తబడుతుంది. తకారం మెత్తని చకారమవుతుంది: ‘ప్రాతితి’ (వెంబడించుట) నుంచి ‘ప్రాచేన్యె’. దకారం మెత్తని జకారమవుతుంది: ‘బుదితి’ (మేల్కొలుపుట) నుంచి ‘బుజేన్యె’. సకారం షకారమవుతుంది: ‘నొసితి’ (మోయుట) నుంచి ‘నొషేన్యె’. పెదవులతో పలికే ప, బ, మ, వల పక్కన ఒక లకారం పుట్టుకొస్తుంది: ‘లొమితి’ (విరుచుట) నుంచి ‘లొమ్ల్యేన్యె’, ‘స్లవితి’ (కొనియాడుట) నుంచి ‘స్లవ్ల్యేన్యె’. ‘మిస్లితి’ (ఆలోచించుట) నుంచి ‘మిష్ల్యేన్యె’ వచ్చినప్పుడైతే లకారంతో పాటు దాని ముందున్న సకారం కూడా మారిపోతుంది. అభిప్రాయం అనే అర్థంలో రోజూ పత్రికల్లో కనిపించే మాట ఇదే.

జంట హల్లు ఉన్నచోట సొంత భాషవారికి కూడా సందేహం వస్తుంది. ‘చిస్తితి’ అంటే శుభ్రం చేయుట. దాని క్రియానామం ‘చిష్చేన్యె’. ‘స్త’ కాస్తా ‘ష్చ’ అయింది. ఇదే సూత్రం ప్రకారం ‘కొరిస్తితి’ (ఉపయోగించుట) నుంచి ‘కొరిష్చేన్యె’ రావాలి, సెర్బియన్‌లో అలాగే వస్తుంది కూడా. క్రొయేషియన్ ప్రమాణ భాష మాత్రం ‘కొరిష్తేన్యె’ అంటుంది. బాప్తిస్మానికి ‘కృష్తేన్యె’, అనుమతికి ‘దొపుష్తేన్యె’ కూడా ఈ ‘ష్త’ వరసలోవే. అంటే ‘చిష్చేన్యె’ ఒక దారిన, దాని తోబుట్టువులు మరొక దారిన నడుస్తున్నాయి. దీనికి అడ్డదారి లేదు, మాట మాటగా గుర్తు పెట్టుకోవలసిందే.

మరికొన్ని క్రియల కర్మణి విశేషణం నకారంతో కాక తకారంతో ముగుస్తుంది. ఆ తకారం ‘యె’తో కలిసి ‘చె’గా మారుతుంది. ‘పితి’ (తాగుట) నుంచి ‘పిచె’ (పానీయం), ‘ఒత్క్రితి’ (కనుగొనుట) నుంచి ‘ఒత్క్రిచె’ (ఆవిష్కారం), ‘తొనుతి’ (మునుగుట) నుంచి ‘తొనుచె’, ‘ఉస్కృస్నుతి’ (మృత్యువు నుంచి లేచుట) నుంచి ‘ఉస్కృస్నుచె’ (పునరుత్థానం) ఇలా వచ్చినవే. పూనుకొనుట అనే అర్థంగల ‘పొదుజెతి’ నుంచి వచ్చిన ‘పొదుజెచె’ ఇప్పుడు వ్యాపార సంస్థకు పేరైంది. సంస్కృతం చదివినవారికి ఈ నకార తకారాల జంట కొత్తగా అనిపించదు. గత, కృత, పీత అని ఒక వరస, పూర్ణ, భిన్న, ఛిన్న అని ఇంకొక వరస మనకు తెలిసినవే. క్రొయేషియన్ చేరిన స్లావిక్ కుటుంబ భాషల్లోని ఈ రెండు ప్రత్యయాలూ, సంస్కృతంలోని ఆ రెండూ ఒకే మూలభాష నుంచి దిగివచ్చినవి.

ఇలా తయారైన మాట నపుంసక లింగం. ప్రథమకూ ద్వితీయకూ ‘చితాన్యె’, షష్ఠికి ‘చితాన్యా’, చతుర్థికీ సప్తమికీ ‘చితాన్యు’, తృతీయకు ‘చితాన్యెమ్’. క్రియానామాలన్నీ ఈ ఒక్క అచ్చులోనే ఒదుగుతాయి, కనుక విభక్తుల పట్టికలకు జంకే విద్యార్థికి ఇంతకన్నా నెమ్మదైన మాటల గుంపు ఆ భాషలో దొరకదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తెలుగులో ‘పుస్తకాన్ని చదువుతున్నాను’ అన్నప్పుడు పుస్తకం ద్వితీయలో ఉంది. ‘పుస్తకాన్ని చదవడం’ అన్నప్పుడూ ద్వితీయలోనే ఉంది. ‘రాముడు వచ్చాడు’, ‘రాముడు రావడం’ అన్న జంటలో కర్త కూడా కదలలేదు. ‘వేగంగా చదివాడు’, ‘వేగంగా చదవడం’ అన్నచోట క్రియావిశేషణమూ కదలలేదు. అంటే మన ‘అడం’ రూపం పైకి నామవాచకంలా విభక్తులు తీసుకుంటున్నా, లోపల తన సంసారమంతటినీ క్రియగానే నడుపుతోంది. క్రొయేషియన్ క్రియానామం అలా కాదు, అది అత్తవారింటికి వెళ్ళి ఆ ఇంటి పద్ధతులన్నీ పాటించే కోడలి లాంటిది. ‘చితాతి క్నిగు’ అంటే పుస్తకాన్ని చదువుట, అక్కడ ‘క్నిగు’ ద్వితీయ. క్రియానామం రాగానే అది ‘చితాన్యె క్నిగె’ అవుతుంది, ‘క్నిగె’ షష్ఠి. పుస్తకం యొక్క పఠనం అన్నమాట. తెలుగు అలవాటుతో ‘చితాన్యె క్నిగు’ అని రాస్తే అది తప్పు.

ఈ నియమం మనకు పాణిని ద్వారా ఏనాడో పరిచయమైనదే. ధాతువుకు చేరి నామవాచకాన్ని పుట్టించే కృత్ ప్రత్యయం ఉన్న మాటకు కర్తయినా కర్మయినా షష్ఠిలో వస్తుందని అష్టాధ్యాయిలోని ‘కర్తృకర్మణోః కృతి’ (2.3.65) అనే సూత్రం చెబుతుంది. క్రొయేషియన్‌లో ‘ప్యెవాన్యె ప్తిత్సా’ అంటే పక్షుల గానం, ‘ప్యెవాన్యె ప్యెస్మె’ అంటే పాట యొక్క గానం. మొదటిదానిలో పాడేవి పక్షులు, రెండవదానిలో పాడబడేది పాట, రెండూ షష్ఠిలోనే ఉన్నాయి. మరి కర్తా కర్మా ఒకేసారి వస్తే ఏం చేయాలి? అప్పుడు షష్ఠి కర్మకు మాత్రమే చెందుతుందని పాణిని తరువాతి సూత్రంలోనే, ‘ఉభయప్రాప్తౌ కర్మణి’ (2.3.66) అంటాడు. క్రొయేషియన్ కూడా అక్కడ కర్మకే షష్ఠిని ఇచ్చి, కర్తను స్వామ్యాన్ని తెలిపే విశేషణంగా మారుస్తుంది. ‘ఇవానొవొ పిసాన్యె పిసామా’ అంటే ఇవాన్ ఉత్తరాలు రాయడం. అందులో ‘పిసామా’ ఉత్తరాల అనే షష్ఠీ బహువచనం, ‘ఇవానొవొ’ ఇవాన్‌కు చెందిన అనే నపుంసక విశేషణం. పాణిని సంస్కృతంలో ఇలాంటి చోట కర్త తృతీయలోకి వెళ్తుంది, క్రొయేషియన్‌లో విశేషణమవుతుంది. తేడా అంతే. వేల మైళ్ళ దూరంలో, ఒకదానితో ఒకటి మాట్లాడుకోని రెండు భాషలు ఒకే చిక్కును ఇంత దగ్గరి దారుల్లో విప్పుకోవడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆనందం కలిగించే విషయం.

క్రియ కోరే విభక్తుల్లో ద్వితీయ ఒక్కటే ఇలా షష్ఠిగా మారుతుందని గుర్తుంచుకోవాలి. క్రియ వేరే విభక్తిని కోరేదైతే క్రియానామం దాన్ని అలాగే ఉంచుతుంది. ఓడను నడుపుట అనే ‘ఉప్రవ్ల్యాతి బ్రొదొమ్’లో ఓడ తృతీయలో ఉంటుంది, ‘ఉప్రవ్ల్యాన్యె బ్రొదొమ్’ అన్నప్పుడూ తృతీయలోనే ఉంటుంది. పొరుగువాడికి సాయపడుట అనే ‘పొమాగాతి సూస్యెదు’లోని చతుర్థి ‘పొమాగాన్యె సూస్యెదు’లో చెక్కుచెదరదు.

క్రియావిశేషణం దగ్గర ఒక మాయ ఉంది. ‘బృజొ చితాతి’ అంటే వేగంగా చదువుట, ‘బృజొ చితాన్యె’ అంటే వేగపఠనం. రెండుచోట్లా ‘బృజొ’ ఒకటే కాబట్టి ఏమీ మారలేదని అనిపిస్తుంది. కాని మొదటిది క్రియావిశేషణం, రెండవది నపుంసక విశేషణం. రెండింటి రూపమూ ఒకటే కావడం వల్ల ఆ తేడా ప్రథమలో దాగి, విభక్తి మారగానే బయటపడుతుంది: ‘తెచాయ్ బృజొగ్ చితాన్యా’, వేగపఠన శిక్షణ. అక్కడ ‘బృజొ’ని ‘బృజొగ్’గా మార్చకపోతే వాక్యం కుంటుతుంది.

ఆత్మార్థకం విషయంలో తెలుగే ఎక్కువ స్పష్టంగా మాట్లాడుతుంది. ‘బ్రియాతి’ అంటే గడ్డం గీయుట, ‘బ్రియాతి సె’ అంటే గీసుకొనుట. ఆ ‘సె’ మన ‘కొను’ చేసే పని చేస్తుంది. మనం ‘గీయడం’, ‘గీసుకోవడం’ అని క్రియానామంలోనూ తేడా నిలుపుకుంటాం. క్రొయేషియన్ క్రియానామం మాత్రం ‘సె’ను వదిలేస్తుంది, కనుక ‘బ్రియాన్యె’ రెండింటికీ చెల్లుతుంది. ‘బుజేన్యె’ అంటే మేల్కోవడమా, మేల్కొలపడమా అన్నది సందర్భమే చెప్పాలి. ఇదే స్లావిక్ కుటుంబానికి చెందిన పోలిష్ భాష ఆ చిన్న మాటను క్రియానామంతో కూడా మోసుకెళ్తుంది. పోలిష్ వచ్చినవారు క్రొయేషియన్ నేర్చుకునేటప్పుడు సరిగ్గా ఇక్కడే పొరబడతారు.

ఈ నియమాలన్నీ ఒకేచోట పనిచేయడం చూడాలంటే చట్టాల పేర్లు చదవాలి. క్రొయేషియా 2017లో చేసిన ఒక చట్టం పేరు ‘జకొన్ ఒ స్ప్ర్యెచావాన్యు ప్రాన్యా నొవ్త్సా ఇ ఫినాన్త్సిరాన్యా తెరొరిజ్మా’. మన మనీలాండరింగ్ నిరోధక చట్టం, 2002కు ఇది అక్కడి రూపం అనుకోవచ్చు. ‘జకొన్’ అంటే చట్టం, ‘ఒ’ అంటే గురించి. ఆ ‘ఒ’ సప్తమిని కోరుతుంది కాబట్టి నిరోధించడం అనే మాట ‘స్ప్ర్యెచావాన్యు’ అయింది. దేన్ని నిరోధించడం? కడగడాన్ని. అది కర్మ కాబట్టి షష్ఠిలో ‘ప్రాన్యా’. దేన్ని కడగడం? డబ్బును. అదీ కర్మే కాబట్టి షష్ఠిలో ‘నొవ్త్సా’. ‘ఇ’ అంటే మరియు. ఆ తరువాతి ‘ఫినాన్త్సిరాన్యా’, అంటే నిధులు సమకూర్చడం, షష్ఠిలో ఉంది కనుక అది కూడా నిరోధించవలసిన పనుల జాబితాలోనే చేరింది. అదే ‘ఫినాన్త్సిరాన్యు’ అని సప్తమిలో ఉండి ఉంటే, ఆ చట్టం ఉగ్రవాదానికి నిధులు సమకూర్చడం గురించి చేసినదని అర్థం వచ్చేది. ఒక్క చివరి అచ్చు చట్టం ఎటు నిలబడిందో నిర్ణయిస్తోంది. 2013 జూలై 1 నుంచి క్రొయేషియన్ యూరోపియన్ యూనియన్‌కు 24వ అధికార భాష కనుక ఇలాంటి గొలుసులను రోజూ అల్లేవారు, విప్పేవారు అక్కడ చాలామందే ఉన్నారు.

నామవాచకంగా మారినా క్రియానామం పుట్టింటి నుంచి తెచ్చుకునే ఆస్తి ఒకటుంది. స్లావిక్ క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి. ఒకటి పని సాగుతూ ఉండడాన్ని చెబుతుంది, దాన్ని ‘నెస్వృషెని’, ముగియనిది, అంటారు. ఇంకొకటి పని పూర్తయిందని చెబుతుంది, దాన్ని ‘స్వృషెని’, ముగిసినది, అంటారు. క్రియానామం ప్రధానంగా ముగియని క్రియల నుంచే ధారాళంగా పుడుతుంది. ‘చితాతి’కి జంట అయిన ‘ప్రొచితాతి’ (చదివి ముగించుట) నుంచి ‘ప్రొచితాన్యె’ అనే మాటను ఎవరూ వాడరు. ముగిసిన క్రియ నుంచి క్రియానామం పుట్టినా అది తరచుగా పనికి కాక, పని వల్ల మిగిలినదానికి పేరవుతుంది. ‘ర్యెషావాతి’ సమస్యతో కుస్తీ పడుతూ ఉండుట, ‘ర్యెషావాన్యె’ ఆ కుస్తీ. ‘రియెషితి’ పరిష్కరించి ముగించుట, ‘ర్యెషేన్యె’ చేతికందిన పరిష్కారం. ప్రభుత్వ కార్యాలయం నిర్ణయం తెలుపుతూ ఇచ్చే ఉత్తర్వు మీద పెద్ద అక్షరాలతో ఉండే శీర్షిక కూడా ‘ర్యెషేన్యె’యే. అలాగే ‘ఉపొజొరావాన్యె’ హెచ్చరిస్తూ ఉండడం, ‘ఉపొజొరేన్యె’ ఒక హెచ్చరిక. ‘రాజాన్యె’ పుట్టుక అనే ప్రక్రియ, ‘రొజేన్యె’ ఒక మనిషి జననం. పుట్టిన తేదీ రాయమనే గడిలో ఉండేది ఈ రెండవ మాట.

పని నుంచి వస్తువుకు జరిగే ఈ ప్రయాణం ముగియని క్రియల్లోనూ ఉంది. ‘పితాతి’ అడుగుట, ‘పితాన్యె’ ప్రశ్న. ‘ప్యెవాన్యె’ గానం, కావ్యంలో సర్గ కూడా. ‘ఇమాన్యె’ కలిగి ఉండడం, భూమీ ఇల్లూ కలిసిన ఆస్తి కూడా. ‘జ్నాన్యె’ తెలియడం మీదుగా తెలిసినది, అంటే జ్ఞానం అయింది. ఆ రెండు మాటల పోలిక యాదృచ్ఛికం కాదు, ధాతువు ఒకటే. ‘పెచేన్యె’ అంటే కాల్చి వండడం, అలా వండిన మాంసం కూడా. పలకడంలో స్వరభేదం ఉన్నా రాతలో రెండూ ఒకటే. మనం వేపడాన్ని, వేపుడును వేర్వేరు మాటలుగా ఉంచుకున్నాం కనుక వంటల పుస్తకం చదివే తెలుగు పాఠకుడు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి. ఇలా వస్తువైన మాటలకు బహువచనం సులువుగా వస్తుంది, పనిగా మిగిలినవాటికి సాధారణంగా రాదు. పార్లమెంటులో బిల్లుకు జరిగే తొలి పఠనం, మలి పఠనం అనేవి మాత్రం లెక్కించదగినవి, వాటినీ అక్కడ ‘చితాన్యె’ అనే అంటారు.

చాలా క్రియలకు క్రియానామం తయారు చేయగలిగినా, దాన్ని వాడవలసిన అవసరం ప్రతిచోటా ఉండదు. మనకు ‘నడవడం’ పక్కన ‘నడక’, ‘ఆడడం’ పక్కన ‘ఆట’, ‘వండడం’ పక్కన ‘వంట’ ఉన్నట్టే వారికీ పొట్టి మాటలున్నాయి. ‘రాదితి’ (పనిచేయుట) నుంచి ‘రాజేన్యె’ తయారవుతుంది, కాని పని అనడానికి అందరూ ‘రాద్’ అనే అంటారు. ‘షెతాన్యె’ పక్కన ‘షెత్న్యా’ (షికారు), ‘కుపొవాన్యె’ పక్కన ‘కుప్న్యా’ (కొనుగోలు) ఉన్నాయి. పొట్టి మాట సిద్ధంగా ఉండగా పొడుగు మాట వాడితే, పని సాగుతూ ఉండడాన్ని వక్త నొక్కి చెబుతున్నాడని వినేవారు అనుకుంటారు. వ్యతిరేకార్థానికి మాత్రం క్రియానామం ఎంతో అనువైనది: క్రియలో విడిగా నిలిచే ‘నె’ క్రియానామానికి అతుక్కుపోతుంది, ‘నెప్లాచాన్యె’ అంటే చెల్లించకపోవడం.

ఈ సౌకర్యమే అతిగా వాడితే రచనను చంపుతుంది. ‘ఇస్పితివాతి’, పరీక్షించుట, అంటే సరిపోయేచోట ‘వృషితి ఇస్పితివాన్యె’, పరీక్షించడాన్ని నిర్వహించుట, అని రాయడం అక్కడి కార్యాలయాల అలవాటు. క్రొయేషియన్ భాషా సలహాదారులు దీన్ని వద్దంటారు. మన ప్రకటనల్లోని ‘పరిశీలించడం జరిగింది’ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఎవరు పరిశీలించారో చెప్పకుండా దాటవేయడానికి రెండు భాషల్లోనూ క్రియానామమే ముసుగవుతోంది. క్రియ చేయగల పనిని క్రియకే వదిలేయాలన్న సలహా నా దృష్టిలో రెండు చోట్లా సరైనదే.

అయితే క్రియానామం తప్ప గత్యంతరం లేని చోటు ఒకటుంది, అది విభక్తిని కోరే అవ్యయం తరువాతి స్థానం. ‘నేను చదవడాన్ని ఇష్టపడతాను’ అనడానికి ‘వొలిమ్ చితాతి’ అని తుమున్నర్థకమే, అంటే ‘తి’తో ముగిసే క్రియ మూలరూపమే, చాలు. కాని ‘కోసం’ అనే ‘జా’, ‘లేకుండా’ అనే ‘బెజ్’, ‘తరువాత’ అనే ‘నాకొన్’ వస్తే ప్రమాణ భాషలో క్రియానామమో మరొక నామవాచకమో రావాలి. ‘నవొచాలె జా చితాన్యె’ చదువుకోవడానికి పెట్టుకునే కళ్ళద్దాలు, ‘వ్రెచా జా స్పవాన్యె’ పడుకోవడానికి వాడే సంచి, ‘బెజ్ చెకాన్యా’ వేచి ఉండకుండా. రోడ్డు తవ్విన చోట ‘హ్వాలా నా రజుమియెవాన్యు’ అని బోర్డు పెడతారు, అర్థం చేసుకున్నందుకు కృతజ్ఞతలు అని. మాటల్లో మాత్రం రాజధాని జాగ్రెబ్ వాసులు ‘నెష్తొ జా పితి’, తాగడానికేదైనా, అని ‘జా’ పక్కన తుమున్నర్థకాన్నే పెట్టేస్తారు. పాఠ్యపుస్తకాలు దాన్ని దిద్దుతాయి, కబుర్లలో అది అలాగే బతుకుతుంది. వినడానికి మీరు సిద్ధంగా ఉండండి, కాని రాయకండి. కుళాయి మీద ‘వొదా నియె జా పిచె’ అని కనిపిస్తే అందులో ఉన్నది ‘పితి’ నుంచి పుట్టిన క్రియానామమే. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు.